స్మూతీకి ఇంట్లో మిక్సీ చాలదా? బుల్లెట్, హ్యాండ్ బ్లెండర్, పెద్ద బ్లెండర్: ఏది ఎవరికి

పాలకూర ముక్కలు పళ్ల సందుల్లో ఇరుక్కోవడం, గ్లాసు అడుగున క్యారెట్ రవ్వ మిగిలిపోవడం, మామిడిపండు స్మూతీలో అల్లంవెల్లుల్లి వాసన రావడం. ఇంట్లో స్మూతీ మొదలుపెట్టి పదిహేను రోజుల్లో మానేసిన వాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఈ మూడే. అక్కడినుంచి ఆన్‌లైన్లో బ్లెండర్ల వేట మొదలవుతుంది, రాత్రి పన్నెండింటికి కార్ట్‌లో మూడు మెషిన్లు కూర్చుంటాయి: చిన్న కప్పుని బోర్లించి తిప్పే బుల్లెట్, చేత్తో పట్టుకుని గ్లాసులోనే తిప్పే హ్యాండ్ బ్లెండర్, పెద్ద జార్ ఉండే పవర్ బ్లెండర్.

ముందే చెప్పేస్తాం: హైదరాబాద్‌లో సగటు వంటింట్లో ఉండే 750 వాట్ల మిక్సీ ఈ పనికి చాలావరకు సరిపోతుంది. దానికి కావాల్సింది ఇంకో జార్, వేసే వరసలో చిన్న మార్పు. సరిపోని ఇళ్లూ ఉన్నాయి, వాటి సంగతీ చూద్దాం.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఒక్కసారికి ఎన్ని గ్లాసులు? అన్నిటికంటే ఇదే ముఖ్యం, షాపులో ఎవరూ అడగనిదీ ఇదే. లీటరున్నర జార్‌లో ఒక్క గ్లాసుకి సరిపడా సరుకు వేస్తే బ్లేడు సగం గాల్లో తిరుగుతుంది. ఆకు గోడలకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. అదే జార్‌లో మూడు గ్లాసుల సరుకు వేయండి, మెత్తగా వస్తుంది. మోటారు అదే, బ్లేడూ అదే.

ఏం వేస్తారు? అరటి, బొప్పాయి, మామిడి, కీర లాంటి మెత్తనివైతే ఏ మెషిన్ అయినా చేస్తుంది. తేడా బయటపడేది నాలుగింటి దగ్గర: పచ్చి క్యారెట్, పచ్చి బీట్‌రూట్, ఆకుకూర, ఫ్రీజర్లో గడ్డకట్టిన పండు.

కడగడం. పొద్దున్నే టిఫిన్ గిన్నెల మధ్య ఇదొకటి. విడిభాగాలు ఎక్కువైతే మూడో వారానికి మెషిన్ అటకెక్కుతుంది.

చప్పుడు. అపార్ట్‌మెంట్లో ఐదున్నరకి మిక్సీ వేస్తే పక్క ఫ్లాట్ వాళ్లకీ తెల్లారుతుంది. హ్యాండ్ బ్లెండర్ ఒక్కటే కాస్త నయం. పెద్ద బ్లెండర్ అన్నిటికంటే గోల.

వాట్ల గురించి ఒక మాట. 500 వాట్ల మోటారుకి సరైన ఆకారం ఉన్న చిన్న కప్పు తగిలిస్తే, పెద్ద జార్‌లో తిరిగే 1000 వాట్ల మోటారు కంటే మెత్తగా ఒక గ్లాసు చేసిపెడుతుంది. డబ్బా మీద అంకె చూసి కొనకండి.

## మెషిన్ల పోలిక

| | మిక్సీ (విడి జార్‌తో) | బుల్లెట్ బ్లెండర్ | హ్యాండ్ బ్లెండర్ | పెద్ద పవర్ బ్లెండర్ |
|---|---|---|---|---|
| సరైన మోతాదు | 2 నుంచి 4 గ్లాసులు | 1 గ్లాసు, మహా అయితే 2 | 1 నుంచి 2 | 3 నుంచి 6 |
| ఆకుకూర | రెండు విడతల్లో వేస్తే బాగా | బాగా | బ్లేడుకి చుట్టుకుంటుంది | చాలా బాగా |
| పచ్చి క్యారెట్, బీట్‌రూట్ | రవ్వ మిగులుతుంది | తురిమి వేయాలి | కుదరదు | మెత్తగా |
| గడ్డకట్టిన పండు | 10 నిమిషాలు బయట ఉంచి | 5 నుంచి 10 నిమిషాలు బయట ఉంచి | కుదరదు | నేరుగా |
| కడగడం | ఓ మాదిరి | తేలిక, వాషర్ తప్ప | చాలా తేలిక | ఓ మాదిరి |
| ఖర్చు (సుమారు) | ఒక జార్ ధర | 2 నుంచి 4 వేలు | 1,500 నుంచి 3 వేలు | 10 వేల పైమాట |

### మిక్సీ

పచ్చళ్లకీ మసాలాలకీ వాడే జార్‌ని స్మూతీకి వాడకండి. స్టీలుకి వాసన పట్టదు. పట్టేదల్లా మూత లోపలి రబ్బరు వాషర్‌కి. దాన్ని ఊడదీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి ఎండలో ఆరేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే విడి జార్. మిక్సీ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. పాత జార్ వెంట తీసుకెళ్లి, అడుగున మోటారుకి తగులుకునే కప్లర్ పళ్లు సరిపోతున్నాయో లేదో బేస్ మీద పెట్టి చూసి కొనాలి. కొద్దిగా వదులున్నా నెల తిరక్కుండా కప్లర్ అరిగిపోతుంది. లోపలి గోడలకు నిలువు గట్లు ఉన్న జార్ తీసుకోండి. ఆ గట్లే తిరిగే సరుకుని మళ్లీ బ్లేడు మీదికి నెడతాయి. నున్నటి గోడలుంటే అంతా కలిసి గిర్రున తిరుగుతుంది కానీ నలగదు.

ఇక వరస. అన్నీ ఒకేసారి పోసి తిప్పడమే మనం చేసే తప్పు. నీళ్లు ఎక్కువైతే ఆకు వాటిలో ఈదుతుంది, బ్లేడుకి చిక్కదు. రెండు పెద్ద గ్లాసులకి ఇలా చేయండి:

1. కాడలు తీసిన పాలకూర 60 గ్రాములు (రెండు గుప్పెళ్లు), 100 మి.లీ. చల్లటి నీళ్లు. ముందు రెండుమూడు సార్లు పల్స్ (క్షణం తిప్పి ఆపడం), తర్వాత పూర్తి వేగంతో 40 సెకన్లు. మూత తీసి గోడలకంటిన ఆకుని స్పూన్‌తో కిందికి తోయండి. వేళ్ల మధ్య ఒక చుక్క రాసి చూస్తే నలకలు తగలకూడదు. తగిలితే ఇంకో 20 సెకన్లు.
2. కీర ముక్కలు 100 గ్రాములు, పండు 200 గ్రాములు, అర నిమ్మకాయ రసం. 30 సెకన్లు.
3. చివర్లో మజ్జిగ 150 మి.లీ. పోసి ఒకే ఒక్క పల్స్.

మజ్జిగని చివరిదాకా ఆపడానికి కారణముంది. పెరుగైనా మజ్జిగైనా పూర్తి వేగంలో నిమిషం తిరిగితే ముందు నురగ కడుతుంది, మీగడ ఎక్కువున్న పెరుగైతే వెన్న పూసలు తేలతాయి. మిక్సీలో వెన్న తీసే ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు.

మధ్యలో మిక్సీ టక్కున ఆగిపోతే కంగారు పడొద్దు. ఓవర్‌లోడ్ స్విచ్ పడిందన్నమాట. స్విచ్ ఆపి, సరుకు కొంచెం తీసి, ఐదు నిమిషాలు చల్లారనిచ్చి, మెషిన్ అడుగున ఉండే చిన్న బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

ఒక్కరికే కావాలంటే చట్నీ జార్ ఉందిగా అనిపిస్తుంది. 400 మి.లీ. చట్నీ జార్‌లో పలచటి సరుకు 250 మి.లీ. దాటితే మూత పక్కనుంచి చిమ్ముతుంది. చిన్న గ్లాసుకి సరే.

### బుల్లెట్ బ్లెండర్

ఒంటరిగా ఉండే వాళ్లకీ, హాస్టల్ నుంచి ఫ్లాట్‌కి మారిన వాళ్లకీ, ఆఫీసుకి పట్టుకెళ్లే వాళ్లకీ దీన్ని మించింది లేదు. కప్పులోనే చేసి కప్పుకే మూత బిగించుకుని బయల్దేరొచ్చు.

ఇక్కడ వేసే వరస తలకిందులవుతుంది, ఎందుకంటే కప్పుని బోర్లిస్తాం. గట్టివి ముందు, తర్వాత మెత్తటి పండు, పైన ఆకు, ఆఖర్న నీళ్లు. బోర్లించాక బ్లేడు దగ్గరికి నీళ్లూ ఆకూ ముందుగా చేరతాయి. చిక్కగా ఉంటే బ్లేడు చుట్టూ గాలి బుడగ కట్టి మోటారు ఖాళీగా అరుస్తుంది. శబ్దం ఒక్కసారిగా సన్నబడిందంటే అదే. ఆపి, కప్పు ఊడదీసి బాగా కుదిపి, రెండు చెంచాల నీళ్లు పోయండి. ఏకబిగిన నిమిషం దాటి తిప్పొద్దు, మధ్యలో ఓ నిమిషమైనా ఆపాలి. చిన్న మోటారు, వేడెక్కుతుంది.

వేడి సరుకు మాత్రం ఎప్పుడూ వేయకండి. అప్పుడే ఉడికించిన బీట్‌రూట్, గోరువెచ్చటి రాగి జావ, ఏదైనా సరే. గాలి పోయే దారి లేని కప్పులో ఆవిరి ఒత్తిడి పెరిగి, తెరిచేటప్పుడు ముఖం మీదికి చిమ్ముతుంది.

బ్లేడు బిళ్లలో రబ్బరు వాషర్ కింద నల్లటి బూజు చేరుతుంది. వారానికోసారి పిన్నీసుతో వాషర్ పైకి లేపి కడగాలి. ఈ పని చేసేవాళ్లు అరుదు.

### హ్యాండ్ బ్లెండర్

పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ అరటి, బొప్పాయి, ఉడికించిన క్యారెట్ కలిపి ఇచ్చే ఇంటికి చక్కటిది. పొడవాటి సన్న గ్లాసు వాడండి, తలని అడుగుకి ఆనించాకే స్విచ్ వేయండి, ఆపాకే పైకి తీయండి. లేకపోతే గోడలన్నీ బీట్‌రూట్ రంగే. పచ్చి ఆకుకూరకి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. పాలకూర కాడలు బ్లేడు చుట్టూ దారాల్లా చుట్టుకుంటాయి.

### పెద్ద పవర్ బ్లెండర్

నలుగురైదుగురు రోజూ తాగే ఇల్లు, అందులో పచ్చి దుంపలూ గింజలూ గడ్డకట్టిన పళ్లూ వేసే అలవాటు: రెండూ ఉంటేనే డబ్బుకి న్యాయం. ఒక్కరికి చేస్తే మళ్లీ ఖాళీ జార్ సమస్యే. ఎక్కువసేపు తిప్పితే రాపిడికి స్మూతీ గోరువెచ్చగా అవుతుంది, మే నెలలో అది మింగుడుపడదు. కొనే కంపెనీకి నగరంలో సర్వీస్ సెంటర్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కోల్డ్ ప్రెస్ జ్యూసర్‌ని ఈ జాబితాలో చేర్చలేదు. అది పీచుని వేరుచేసి రసం ఇస్తుంది, స్మూతీ కాదు. పిప్పి పారేయడానికి మనసొప్పని ఇంట్లో అది గొడవలకి మూలం కూడా.

## దేంతో కలపాలి: నీళ్లా, మజ్జిగా, పాలా?

మెషిన్ కంటే రుచిని మార్చేది ఇదే. అయినా దీని మీద పెట్టే ఆలోచన తక్కువ.

పాలు అరటి, సపోటా, ఖర్జూరం, సీతాఫలంతో బాగుంటాయి. బత్తాయి, కమలా, నిమ్మ, ఉసిరి తగిలితే విరుగుతాయి. బొప్పాయితో వెంటనే తాగితే సరే, అరగంట ఆగితే చేదెక్కుతుంది. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని విడగొట్టడమే కారణం. అనాసపండులో బ్రొమలైన్ చేసే పనీ అదే, పెరుగునీ వదలదు. కివీ కూడా ఈ గుంపులోదే. ఈ మూడు పళ్లకీ నీళ్లు గానీ కొబ్బరినీళ్లు గానీ వాడండి, లేదా కలిపిన వెంటనే తాగేయండి.

మజ్జిగ హైదరాబాద్ ఎండలకి, ఆకుకూర స్మూతీలకి మా ఓటు. పాలకూర పసరు వాసనని పులుపు అణిచేస్తుంది. కీర, పుదీనా, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, ఒక ఆపిల్ ముక్క. తీపి స్మూతీ నచ్చని మగవాళ్లు కూడా ఇది తాగుతారు.

కొబ్బరినీళ్లు తేలిక, తీపి దానికదే ఉంటుంది. కానీ పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీన్నీ అరటిపండునీ కలిపి తాగకూడదు.

చల్లారిన రాగి జావ పేరు వింటే నవ్వొచ్చు గానీ, ఓట్స్ కంటే బాగా కలిసిపోతుంది. గ్లాసుకి 100 మి.లీ. పలచటి జావ, అరటి లేదా సపోటా, రెండు ఖర్జూరాలు. పొద్దున టిఫిన్ బదులు తాగే వాళ్లకి ఆకలి ఆగేది దీంతోనే.

తీపి చాలకపోతే చక్కెర డబ్బా తీయకముందు నాలుగు ఖుబానీలు (ఎండు ఆప్రికాట్లు) రాత్రి నానబెట్టి చూడండి. గింజ తీసి, నానిన నీళ్లతో సహా వేస్తే, ఖుబానీ కా మీఠా చేసే ఊళ్లో ఇంకేం కావాలి అనిపిస్తుంది.

## ఏ కూర, ఏ పండు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో, 2000 కిలో కేలరీల రోజువారీ పళ్లెంలో కూరగాయలకు 400 గ్రాములు, పళ్లకు 100 గ్రాములు కేటాయించింది. తొక్క తీసిన ఓ మాదిరి అరటిపండు ఒక్కటే 100 గ్రాములు. మామిడి, అరటి, నాలుగు ఖర్జూరాలు కలిపిన గ్లాసు ఆరోగ్యం పేరుతో తాగే మిఠాయే. గ్లాసుకి పండు 100 గ్రాముల దగ్గర ఆపి, కూరగాయని 80 నుంచి 100 గ్రాములకి పెంచండి.

పాలకూర మొదలుపెట్టేవాళ్లకి. రైతు బజార్ నుంచి తెచ్చిన కట్టలో మట్టి ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఆకు ముంచి, ఆకునే పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగుకి దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. ఇలా మూడుసార్లు. ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, బీట్‌రూట్ రోజూ తాగే ఆలోచన మానుకుని కీర, సొరకాయల వైపు వెళ్లడం మంచిది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఆకుకూర మోతాదు మార్చకూడదు.

కీర ఎవరికైనా సరిపోతుంది. చివరలు కోసి రుచి చూసి వేయండి, ఒక్క చేదు ముక్క జార్ మొత్తాన్ని పాడుచేస్తుంది.

సొరకాయ విషయంలో రుచి చూడటం తప్పనిసరి. పచ్చి ముక్క నాలుక మీద పెట్టి, చేదనిపిస్తే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయలోని కుకుర్బిటాసిన్లు వాంతులు, రక్త విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా తీసుకెళ్తాయి. చేదు సొరకాయ రసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి హెచ్చరించింది కూడా. తేనె, నిమ్మరసం కలిపి ఆ చేదుని కప్పిపుచ్చడం అన్నిటికంటే ప్రమాదం.

క్యారెట్, బీట్‌రూట్ మిక్సీ ఉన్నవాళ్లు ఉడికించి వాడాలి. పప్పు పెట్టే కుక్కర్లోనే పై గిన్నెలో ముక్కలు పెడితే సరి. చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులకి వస్తాయి. బీట్‌రూట్ తాగిన మర్నాడు మూత్రం గులాబీ రంగులో వస్తే భయపడక్కర్లేదు, కొందరికి అలా వస్తుంది.

పళ్లలో ఎంపిక కాలాన్ని బట్టి. వేసవిలో బంగినపల్లి స్మూతీకి సరిగ్గా సరిపోతుంది, పీచు ఉండదు. రసాలు వేస్తే పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది. వాటిని చేత్తో పిసికి జుర్రుకోవడమే న్యాయం. చలికాలంలో జామ వాడేటప్పుడు గుజ్జుని ముందు కాసిని నీళ్లతో తిప్పి వడకట్టండి, గింజలు మెత్తబడవు. దానిమ్మకీ అంతే.

వానల చివర మహబూబ్‌నగర్ వైపు నుంచి సీతాఫలాలు దిగుతాయి. గింజలు వేరుచేయడానికి గుజ్జుని మిక్సీలో వేసి పల్స్ కొట్టే చిట్కా చలామణిలో ఉంది. వద్దు. ఆ గింజలు విషపూరితం, ఒక్కటి పగిలినా గుజ్జంతా పారేయాల్సిందే. జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రాయండి, ఐదు నిమిషాల పని.

రంగు సంగతి: పచ్చ ఆకు, ఎర్ర పండు కలిస్తే బురద రంగు వస్తుంది. రుచి బాగున్నా పిల్లలు ముట్టుకోరు. పాలకూరని అరటి, మామిడి, అనాసలతో, బీట్‌రూట్‌ని నల్ల ద్రాక్ష, దానిమ్మలతో జతచేయండి.

## మీరు ఎవరైతే, ఏది

మిక్సీ ఉన్న నలుగురి కుటుంబం. విడి జార్ కొనండి, మరేమీ వద్దు. మూడు నెలలు రోజూ తాగి, ఇంకా పచ్చి క్యారెట్ కావాలనిపిస్తే అప్పుడు పెద్ద బ్లెండర్ ఆలోచించండి.

గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు పొద్దున్నే పరిగెత్తేవాళ్లు. బుల్లెట్. ఆదివారం పండ్ల ముక్కలు, పాలకూర ఐదు పొట్లాలుగా కట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి. అరటిపండు తొక్క తీసి, ముక్కలు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టాకే పొట్లంలో వేయాలి, లేదంటే ఒకే ముద్దవుతుంది. స్నానానికి వెళ్లేముందు పొట్లం బయటపెడితే వచ్చేసరికి తిప్పడానికి వీలుగా ఉంటుంది. బాటిల్ అంచుదాకా నింపి నిమ్మరసం కలపండి. గాలి తగలకపోతే రంగు మారడం తగ్గుతుంది. ఆఫీసు చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నంలోపు తాగేయాలి.

షుగర్ ఉన్నవాళ్లు. ఏ మెషిన్ అన్నది మీకు రెండో ప్రశ్న. మజ్జిగ, కీర, పాలకూర, పావు కప్పు జామ లేదా బొప్పాయి, చెంచా అవిసె గింజల పొడి. భోజనంతో కలిపి కాకుండా విడిగా, వడకట్టకుండా తాగండి (జామ గింజలు ముందే తీసేయండి). ఖర్జూరం, ఖుబానీ, తేనె వద్దు.

అద్దె గదిలో ఉండే విద్యార్థి. హ్యాండ్ బ్లెండర్, ఒక స్టీలు గ్లాసు. పాలకూర కావాలంటే వేడినీళ్లలో నిమిషం ముంచి, పిండి, సన్నగా తరిగి వేయండి. చుట్టుకోవడం చాలావరకు తగ్గుతుంది, ఆ నీళ్లు పారబోస్తే ఆక్సలేట్లూ కొంత పోతాయి.

కట్టుడు పళ్లున్న పెద్దవాళ్లకి చేసిపెట్టేవాళ్లు. ఏ మెషిన్‌తో చేసినా చివర్లో టీ వడపోతలో కాకుండా కాస్త పెద్ద కన్నాల జల్లెడలో ఒకసారి పోయండి. నలకలు పైన ఆగుతాయి, గుజ్జు కిందికి దిగుతుంది. సబ్జా గింజలు వేస్తే పావుగంట నానాకే కలపాలి. పొడిగా వేస్తే గొంతులో ఉబ్బుతాయి.